రెండు పచ్చలు

కెంచమ్మ నోట పచ్చ అంటే రెండు రంగులు. చింతాకూ పచ్చే, పసుపుకొమ్మూ పచ్చే. ఆమెకే కాదు, రాళ్లవంక ఊళ్లో గొర్రెలు కాసే ప్రతి ఇంట్లోనూ అంతే. ఏ పచ్చో చెప్పాల్సి వస్తే ఎదురుగా ఉన్నదాన్ని వేలితో చూపిస్తారు, లేకుంటే ఊరుకుంటారు. రంగు తెలియక కాదు. ఒక్క మాటతో పని జరుగుతుంటే రెండో మాట ఎందుకు ఖర్చు చేయాలని. ఆ పొదుపు ఒకనాడు తన బిడ్డకు కాపు కాస్తుందని మాత్రం ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఆమె బిడ్డ గంగరత్న పశువైద్యం చదివి, ఊరికి దగ్గర్లోనే గొర్రెల పరిశోధన కేంద్రంలో ఉద్యోగం చేస్తోంది. అక్కడ ఆమె కొన్నేళ్లు కూర్చుని తయారుచేసిన వస్తువును మొదట కట్టింది తల్లి మందలోని బొల్లిచెవుల గొర్రెకే.

"ఇదేందే పాపా, దాని మెడకు గాజుపూస కడ్తాండావు? పెండ్లికి తయారు చేస్తాండావా?" అంది కెంచమ్మ.

"బెదురు పట్టీమ్మా. గొర్రె నిమ్మళంగా ఉంటే ఒక రంగు వెలుగుతుంది, బెదిరితే ఇంకో రంగు."

"బెదిరితే పరిగెత్తుతాది. కండ్లుండేది దేనికి, పూసెందుకు?"

"పరిగెత్తే బెదురు కాదమ్మా. నిలబడి ఓర్చుకునే బెదురు. అది కంటికి కనబడదు."

పట్టీ లోపల సూదిమొన అంత కన్ను ఒకటుంది. అది మెడనరం కొట్టుకోవడం, తోలు కింద ఊరే చెమట, ఊపిరి తెగి తెగి రావడం, మూడింటినీ కలిపి చదువుతుంది. వెలుగు చిన్నది కాబట్టి ఎండలో కనిపించదు. పూస మీద అరచేతిని గూడులా కట్టి, కన్ను దగ్గర పెట్టి లోపలికి చూడాలి. కెంచమ్మ అట్లాగే వంగి చూసింది.

"పచ్చ."

"ఏ పచ్చ?"

కెంచమ్మ చుట్టూ చూసి బిడ్డ చున్నీ అంచు పట్టుకుంది. "ఇదో, ఈ పచ్చ."

అంచు పసుపు రంగు. గంగరత్న నవ్వు ఆగిపోయింది. "అయితే ఇది బెదిరిందమ్మా."

"నీ తలకాయ! కండ్లు మూసుకొని నెమరేస్తాంటే బెదిరిందంటావేం?"

బొల్లిచెవులది నిజంగానే నింపాదిగా నెమరేస్తోంది. ఆ మధ్యాహ్నం తంగేడు పొదల వెనక నుంచి తోడేలు లేచింది. కుక్కలు అరిచి తరిమేశాయి కాబట్టి సరిపోయింది. పొదల్లో గడ్డి నలిగిన తీరు చూస్తే అది పొద్దున్నుంచీ అక్కడే పడుకుని ఉందని తెలిసింది. కెంచమ్మ గొర్రె మెడ కింద గోకుతూ, "నీకు అప్పుడే తెలుసు గదే. ఒక్కసారైనా అరవకపోతివి" అంది. ఆనాటి నుంచి ఆమెకు పూస మీద గురి కుదిరింది. చుట్టుపక్కల మందల వాళ్లూ వచ్చి కట్టించుకున్నారు. అరచేతి గూడు కట్టి చూడటం ఆడవాళ్లకు కొప్పు ముడవడమంత సులువైపోయింది.

బెదురుకు ఎరుపు పెట్టి ఉంటే ఏ చిక్కూ లేకపోయేది. కానీ గొర్రెల వీపుల మీద జాజు గుర్తులన్నీ ఎరుపే. ఆ ఎరుపులో ఈ ఎరుపు కలిసిపోతుందని గంగరత్న నిమ్మళానికి ఆకుపచ్చ, బెదురుకు పసుపు పెట్టింది.

గొర్రె నాడికీ మనిషి నాడికీ తేడా చూడాలని ఆమె తన మణికట్టుకు కూడా ఒక పట్టీ కట్టుకుంది. ఆఫీసుకైనా ఇంటికైనా దాన్ని విప్పేది కాదు. కెంచమ్మకు అది వేడుకగా ఉండేది. రొట్టె తడుతూ, "ఏమే, నీది ఏం వెలుగుతాంది?" అని అడిగేది.

"పచ్చేలేమ్మా" అనేది గంగరత్న.

తల్లి మనసు చల్లబడేది. భర్త పోయాక ఆ ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. బిడ్డ నిమ్మళంగా ఉంటే చాలు. పెళ్లి మాట ఎత్తితేనే తంటా. ముప్పై దాటింది. వచ్చిన సంబంధాలన్నీ గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయాయి. "గొర్రెలకు ఈత ఎప్పుడో, మేత ఎప్పుడో అన్నీ నీకు తెలుసు. నీ సంగతే నీకు తెలీదు" అని కెంచమ్మ దెప్పేది. గంగరత్న నవ్వేసి పళ్లెం తీసుకుని వాకిట్లోకి పోయేది.

అప్పటికి ఊరి పెత్తనం కట్టుబాటు సంఘం చేతిలో ఉంది. వార్డులన్నీ వాళ్లే గెలిచారు. సంఘం పెద్ద రుద్రప్ప కోపిష్టి మనిషి కాదు. ఎవరింట్లో చావైనా పెళ్లైనా మొదటి మనిషి ఆయనే. ఆయన చేసిన మేలు పొందని ఇల్లు ఊళ్లో లేదు. అందుకే ఆయనకు ఎదురు చెప్పే ఇల్లూ లేదు. ఎవరు ఎవరితో తిరగాలి, ఎవరికి ఇల్లు అద్దెకివ్వాలి, ఆడపిల్ల ఎన్నింటికి ఇల్లు చేరాలి, అన్నీ సంఘం గోడ మీద రాసి ఉంటాయి. ఆ ఎండాకాలంలో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరమ్మాయిలు బియ్యం మిల్లు పక్కన ఒకే గది తీసుకుని కాపురమున్నారు. వాళ్లు అక్కచెల్లెళ్లు కారని తెలిసిన మర్నాడు సంఘం వాళ్లు వచ్చి మంచం, స్టవ్వు, కుండీలో మల్లెమొక్కతో సహా రోడ్డు మీద పెట్టారు. అమ్మాయిలు బస్సెక్కి పోయారు. మల్లెమొక్క మాత్రం చాన్నాళ్లు అక్కడే ఎండిపోతూ ఉంది.

ఆ సాయంత్రం కరెంటు లేదు. పొయ్యి వెలుగులో కెంచమ్మ రొట్టెలు కాలుస్తూ, "పోనీలే. అట్లాటోళ్లు ఊర్లో ఉంటే ఊరికి మంచిది కాదంట. రుద్రప్ప ఊరికే చేస్తాడా" అంది.

గంగరత్న, రొట్టెలోకి నూరిన ఊరిబిండిలో ఉప్పు చాలలేదని లేచి, గోడ గూట్లోకి చేయి పెట్టింది. ఆ గూడు పగలే చీకటిగా ఉంటుంది. మణికట్టు మీద పూస వెలుగు ఉప్పు జాడీ మీద పడింది.

పచ్చగా పడింది. పసుపుకొమ్ము అరగదీసినట్టు.

కెంచమ్మ చేతిలో రొట్టె మాడిపోయింది.

మర్నాటి నుంచి ఆమె దొంగచూపులు చూడటం మొదలుపెట్టింది. బిడ్డ దుప్పటి కింద చేయి పెట్టుకున్నప్పుడు, బీరువాలో బట్టలు వెతికేటప్పుడు, మంచం కింద చెప్పులు తీసుకునేటప్పుడు చూసింది. ఎప్పుడు చూసినా ఆ పసుపే. పిల్ల పైకి పాట కూనిరాగం తీస్తూ ఉంటుంది. తల్లి చీరకు ఫాల్ కుడుతూ ఉంటుంది. పూస మాత్రం పసుపే. 'అబద్ధం చెప్పలేదు, పచ్చే అనింది' అనుకుంది కెంచమ్మ. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. పూస పసుపైతే దగ్గర్లో తోడేలు ఉన్నట్టే. ఇంట్లో ఉండే రెండో మనిషి తానొక్కతే.

గంగరత్న ప్రతి ఆదివారం పొద్దున హొన్నూరప్ప ఉన్ని షెడ్డుకు పోయేది. కంబళ్ల నేత పోతోంది కాబట్టి నేర్చుకుంటున్నానని చెప్పేది. హొన్నూరప్ప అరవై దాటిన ఒంటరి మనిషి. వీధి నాటకాల్లో ఒకప్పుడు ఆడవేషం కట్టేవాడు. ఆ నడుము తిప్పడం ముసలితనంలో కూడా పోలేదని ఊరు నవ్వేది, తానూ వాళ్లతో కలిసి నవ్వేవాడు. ఒక ఆదివారం కెంచమ్మ కత్తిరించిన ఉన్నిని మూట కట్టి నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. ఉన్ని ఇవ్వాల్సిన పని నిజంగానే ఉంది. లేకపోయినా పోయేదే.

షెడ్డు దగ్గరికి రాగానే చింతగింజల గంజి వాసన, దానితో పాటు నవ్వులు. కెంచమ్మ తలుపు సందు దగ్గర ఆగిపోయింది. లోపల మసక వెలుగులో పడుగు బారుగా పరిచి ఉంది. గుంజల మధ్య ఆటోలు నడిపే ఇద్దరబ్బాయిలు ఒకే గిన్నెలో ఉగ్గాని తింటున్నారు. పాలకేంద్రంలో పనిచేసే చంద్రశేఖర్ సవరం కట్టిన జడలో కనకాంబరాలు పెట్టుకుని కూర్చుంటే హొన్నూరప్ప "చందనా, తల కదిలించకే, పూలు జారుతాండాయి" అని గదమాయిస్తున్నాడు. అంగన్‌వాడీ టీచరు వనజాక్షి కుంచెతో పడుగుకు గంజి పూస్తూ, పూస్తూ, గంగరత్న ముక్కుకు పూసింది.

"ముక్కు గట్టిపడి ఊడిపోతుంది, నీ పాపం ఊరికే పోదు!" అని గంగరత్న అరిచింది.

ఆ గొంతు కెంచమ్మ చానా ఏళ్లుగా వినలేదు. పదేళ్ల పిల్లప్పుడు వాగులో ఈతకొడుతూ అరిచిన గొంతు అది. ఆ మసకలో అరచేతి గూడు అక్కర్లేదు, పూస దూరం నుంచే కనబడుతోంది. చినుకు పడ్డ మర్నాడు చింత చిగురు ఉంటుందే, ఆ పచ్చ.

తల మీద మూట తలుపుకు తగిలి చప్పుడైంది. గంగరత్న తిరిగి చూసింది. తల్లి కళ్లెదుటే ఆ చింత చిగురు వాడి, ముదిరి, పసుపైంది.

కెంచమ్మ ఉన్ని మూట గుమ్మంలోనే దించి వెనక్కి నడిచింది. ఒక్క అడుగు కూడా లోపల పెట్టలేదు. పెడితే ఆ పసుపు ఇంకా చిక్కబడుతుందని.

హొన్నూరప్ప వెనకే వచ్చాడు. "ఉన్ని దించి పోతాండావే! కంబళి ఎట్లాటిది కావాలో చెప్పకపోతే ఎట్ల కెంచక్కా?"

"ఎన్నాళ్ల నుంచి ఇదంతా?"

"ఏది? షెడ్డా, నేనా? నేనైతే పుట్టినప్పటి నుంచి. షెడ్డు ఈమధ్యే."

కెంచమ్మ రాతికట్ట మీద కూలబడింది. "నా ఇంట్లో దానికి బెదురు, హొన్నూరా. నీ గంజి కంపులో నిమ్మళం. నేనేం చేస్తిని? ఒక్క దెబ్బ కొట్టి ఎరగను."

హొన్నూరప్ప పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "తల్లి సచ్చిన పిల్లకు ఇంకో గొర్రె పాలు తాపాలంటే ఏం చేస్తావక్కా?"

"పిల్ల సచ్చిన గొర్రెను చూసి, ఆ సచ్చిన పిల్ల తోలు దీనికి కప్పుతాం. వాసన చూసి తన పిల్లే అనుకొని తాగనిస్తాది. అది నీకు తెలీదా?"

"ఊర్లో మేము తాగే పాలు అట్లాటివే. కడుపు నిండుతాది. తోలు యాడ జారుతాదో అని పానమంతా వీపు మీదే ఉంటాది. నువ్వు కొట్టనక్కర్లేదు. మొన్న ఆ పిల్లల మంచం రోడ్డున పెడితే, ఊర్లో మంచిమంచోళ్లు 'పోనీలే' అనిరి సూడు. ఆ మాట చాలు."

కెంచమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ తోలు ఎల్లకాలం ఉంచం హొన్నూరా" అంది. "నాలుగు దినాలకు గొర్రెకు పిల్ల వాసన అలవాటైతాది. తీసేస్తాం."

"తీసేది ఎవరు? పిల్లా, కాపరా?"

కెంచమ్మ లేచింది. ఇంటికి పోయి మంద తోలుకుని గుట్టకు పోయింది. తల్లీబిడ్డల మధ్య ఆ వారమంతా "రొట్టె తింటివా", "తింటి" తప్ప ఇంకో మాట లేదు.

పట్టీల పేరు అప్పటికే జిల్లా దాటింది. రుద్రప్ప మేనల్లుడు బసవరాజు పరిశోధన కేంద్రానికి వచ్చి చూసిపోయాడు. తర్వాత నాలుగు రోజులకు సంఘం చాటింపు వేయించింది. ఆదివారం పొద్దున బడి మైదానంలో సభ. పైనుంచి పెద్దలొస్తారు. రాళ్లవంకలో కట్టుబాటు ఉంది కాబట్టి ఇక్కడ ఎవరికీ ఏ బెదురూ లేదని యంత్రం చేతే చెప్పిస్తారు. వయసొచ్చిన ప్రతి మనిషీ వచ్చి పట్టీ కట్టించుకోవాలి. ఎవరికైనా తేడా రంగు వెలిగితే సంఘం ఆఫీసులో కూర్చోబెట్టి నిదానంగా అడుగుతారు. లోపలేదో దాచినవాళ్లకే కదా బెదురుండేది?

గంగరత్న డైరెక్టరు దగ్గరికి పోయి, ఇది మనుషులకు కట్టేది కాదని వాదించింది. "పెద్దవాళ్లు అడిగితే ఇవ్వకుండా ఎట్లమ్మా, రేపు మన కేంద్రానికి స్థలం కావాల్సింది వాళ్ల దగ్గరే" అన్నాడాయన. చదివే పని మందల ఆడవాళ్లకు అప్పగించారు. నలుగురిని ఎంచారు. వాళ్లలో కెంచమ్మ ఒకతి.

శనివారం సాయంత్రం గంగరత్న బ్యాగులో బట్టలు సర్దుతోంది. కెంచమ్మ గొర్రెలను దొడ్లోకి తోలి వచ్చి గడపలో నిలబడింది.

"యాడికి?"

"యాడికో. మేమంతా తెల్లారేసరికి ఊరొదిలి పోతాం. అందరి మధ్య కూచోబెట్టి పూస చూస్తే అక్కడ మా గుట్టు బయటపడుతుందమ్మా."

"హొన్నూరప్ప ఈ వయసులో యాడికి పోతాడు? ఆ టీచరమ్మ తన బడి పిల్లలను ఎవరికిచ్చి పోతాది?" అని గడప దాటి లోపలికొచ్చి, "పోవద్దు. కడపటి వరసలో కూచోండి" అంది.

"చదివేది నువ్వే కదా. ఏం చెప్తావు?"

"కనబడింది చెప్తా."

గంగరత్న తల్లి ముఖం వంక చూసింది. ఆ ముఖంలో ఆమెకు ఏమీ దొరకలేదు. బ్యాగు మూయలేదు, విప్పలేదు. మంచం మీద అట్లాగే వదిలేసింది.

ఆదివారం ఎండ మొదట్నుంచే చురుక్కుమంది. షామియానా వేదిక మీదే ఉంది. జనమంతా ఎండలో వరసలు కట్టి కూర్చున్నారు. అందరి మణికట్లకూ పట్టీలు. మైకు పట్టుకున్నాయన గొంతు సవరించుకుని, "పచ్చ వెలగాల! పచ్చ వెలిగితే నిమ్మళం! మన ఊరంతా పచ్చగా ఉందని పెద్దలు చూస్తారు!" అని అరిచాడు. ఆయనకు ఎవరో చెప్పిన ముక్క అంతే. రోడ్డు మీద సిగ్నలు దీపాల్లాగా, పచ్చ కాకపోతే ఎరుపే అనుకున్నాడాయన. ఊళ్లో సగం మంది కూడా అట్లాగే అనుకున్నారు. చదివే నలుగురికి మాత్రం తెలుసు.

మొదటి వరస కెంచమ్మది. మొదటి మనిషి రుద్రప్ప భార్య శాంతమ్మ. పట్టుచీర కట్టుకుని, నవ్వుతూ చేయి చాపింది. కెంచమ్మ అరచేతిని గూడు కట్టి వంగింది.

పసుపు. కళ్లు జిగేల్మనే పసుపు.

శాంతమ్మ కూడా వంగి ఆ గూట్లోకి చూసింది. నవ్వు ముఖం మీద అట్లాగే ఉంది, దాని కింద పెదవి మాత్రం అదిరింది. "కెంచమ్మా" అంది, ఆమెకు మాత్రమే వినబడేటట్టు.

కెంచమ్మ నిటారుగా లేచి, గుట్ట మీద మందను పిలిచే గొంతుతో, "పచ్చ!" అంది.

"పచ్చ!" అన్నాడు మైకాయన. జనం చప్పట్లు కొట్టారు.

రెండో మనిషి వార్డు మెంబరు. పసుపు. "పచ్చ!" తర్వాత ఎరువుల కొట్టాయన, ఆయన కొడుకు, కొత్తకోడలు. పసుపు, పసుపు, పసుపు. "పచ్చ! పచ్చ! పచ్చ!" ఆ అమ్మాయిల మంచం రోడ్డు మీద పెట్టిన కుర్రవాడొకడు చేయి చాపాడు. అదీ పసుపే. ఊరంతా కూర్చుని నెమరేస్తోంది. ఊరంతా లోపల వణుకుతోంది. ఇన్నాళ్లూ ఒక్క గొర్రె కూడా అరవలేదు.

పక్క వరస చదివే నింగమ్మ ఒక చేతి మీద వంగి, అట్లాగే ఉండిపోయింది. తల తిప్పి కెంచమ్మను చూసింది. కెంచమ్మ చూపు కదపలేదు. నింగమ్మ నిటారుగా లేచి, "పచ్చ!" అంది. అవతలి ఇద్దరూ అందుకున్నారు. మైదానమంతా పచ్చ, పచ్చ అని మారుమోగింది. ఎవరి చేతి మీద గూడు కట్టినా వాళ్లూ లోపలికి తొంగి చూస్తున్నారు. చూసినవాళ్లలో ఒక్కరూ మాట్లాడలేదు.

అప్పుడు బసవరాజు వేదిక దిగి వచ్చాడు. "ఆగండాగండి. ఏ పచ్చ? ఈ యంత్రంలో రెండు పచ్చలుండాయి. నేను కేంద్రంలో చూసినా. అవ్వా, సరిగ్గా చెప్పు. ఏ పచ్చ?"

చప్పట్లు ఆగిపోయాయి. కడపటి వరసలో వనజాక్షి గంగరత్న చేయి పట్టుకుంది. చందన, చొక్కా వేసుకుని చంద్రశేఖర్‌గా కూర్చున్న చందన, కళ్లు మూసుకుంది.

కెంచమ్మ తొందరపడలేదు. కొంగు నడుముకు దోపుకుని వేదిక మెట్లెక్కింది. రుద్రప్ప ముందు నిలబడింది. ఆయన మణికట్టుకూ పట్టీ ఉంది, అందరికంటే ముందు ఆయనే కట్టించుకున్నాడు.

"నాకు పచ్చంటే పచ్చేనప్పా, ఇంకో మాట రాదు. నీకు ఇబ్బంది లేకపోతే మొదట నీది చూస్తా. ఏ పచ్చో చదువుకున్నోడివి నువ్వే జనానికి చెప్పు."

ఆమె రెండు అరచేతులతో గూడు కట్టింది. రుద్రప్ప నవ్వుతూ వంగాడు. వంగినవాడు వెంటనే లేవలేదు. చూడటానికి అంతసేపు పట్టే వస్తువు కాదది. ఆ గూట్లో ఇద్దరి తలలూ ఆనుకుని ఉన్నాయి. ఆయన ఊపిరి తెగి తెగి రావడం కెంచమ్మ వింది. ఆయనకు దేని బెదురో ఆమెకు తెలియదు. అడగలేదు. గూడు మాత్రం తెరవలేదు, పక్కనున్నవాళ్లకు వెలుగు కనబడకుండా వేళ్లు ఇంకా దగ్గర చేర్చింది.

"చెప్పు మామా, ఏ పచ్చ?" అన్నాడు బసవరాజు.

రుద్రప్ప తల ఎత్తాడు. కెంచమ్మ కళ్లలోకి చూశాడు. పెద్ద గాలి వాన వెలిసినట్టుంది ఆ ముఖం.

"పచ్చే" అన్నాడు. మైకు అందుకుని మళ్లీ అన్నాడు. "పచ్చలో ఏ పచ్చేందిరా? అందరిదీ పచ్చే. గమ్మున కూచో. కానీయ్ కెంచమ్మా."

కెంచమ్మ మెట్లు దిగి కడపటి వరస దాకా నడిచింది. హొన్నూరప్ప, "పచ్చ!" ఆటో అబ్బాయిలిద్దరు, "పచ్చ! పచ్చ!" చందన, వనజాక్షి, "పచ్చ! పచ్చ!" చివరికి గంగరత్న. బిడ్డ చేయి చల్లగా ఉంది. గూట్లో పసుపు.

కెంచమ్మ దాన్ని చూసి, గొంతు తగ్గించి, "ఆ పొద్దు పోనీలే అంటిని. అది తప్పు మాట. రేపు ఆ టీచరమ్మను ఇంటికి పిలువు. రొట్టెలు చేస్తా" అంది. తర్వాత లేచి నిలబడి, మైదానం అవతలి గోడకు తగిలేటట్టు, "పచ్చ!" అని అరిచింది.

గంగరత్న తల వంచుకుని ఏడ్చింది. ఎండ కళ్లలో పడిందేమో అనుకున్నారు పక్కవాళ్లు.

పైనుంచి వచ్చిన పెద్దలు దండలేయించుకుని పోయారు. గంగరత్న ఆ వారమే కేంద్రానికి నివేదిక రాసింది. ఈ పట్టీ మనుషుల మీద పనిచేయదు, ఊరంతటికీ ఒకే రంగు చూపించింది, దీన్ని గొర్రెలకు తప్ప వాడరాదు అని. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు, ఆ మొదటి ముక్క తప్ప. ఆ ముక్కతో ఆమెకు రావాల్సిన బహుమతీ, పట్నంలో రావాల్సిన పెద్ద ఉద్యోగమూ పోయాయి. "పోతే పోనీ" అంది. ఆ మాట ఎక్కడ వాడాలో ఆ ఇంట్లో ఇప్పుడు ఇద్దరికీ తెలుసు.

సంఘం సంఘంగానే ఉంది. గోడ మీద రాతలు ఉన్నాయి, వాటి మీద మాత్రం ఈసారి ఎవరూ మళ్లీ సున్నం దిద్దలేదు. వాన తడికి ఒక్కో అక్షరమే రాలుతోంది. రుద్రప్ప కెంచమ్మ ఎదురుపడితే తువ్వాలు సర్దుకుని పక్క సందులోకి తిరుగుతాడు. అప్పటి నుంచి ఎవరి మంచమూ రోడ్డు మీదికి రాలేదు. ఒక ఆదివారం శాంతమ్మ కంబళి చూడాలని ఉన్ని షెడ్డుకు వచ్చింది. కంబళి ఎక్కడుందని కూడా అడగకుండా పొద్దెక్కేదాకా కూర్చుని పోయింది. మరో వారం ఎరువుల కొట్టాయన కొత్తకోడలు వచ్చింది. హొన్నూరప్ప ఒక చాప ఎక్కువ పరిచాడు. "కంబళ్లు కొనేటోళ్లు లేరు, కూచునేటోళ్లు మాత్రం పెరుగుతాండారు" అని గొణుగుతూ చందన చేత ఇంకో గ్లాసు టీ పోయించాడు.

వనజాక్షి మాత్రం సభ మర్నాడు, సోమవారమే ఇంటికి వచ్చింది. గడపలో చెప్పులు విడిచి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడింది. కెంచమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే, "రొట్టె తట్టేది వస్తుందా నీకు?" అంది.

"వస్తుందత్తా. అంచులు పగులుతాయి."

"మా పాపది అంచులే కాదు, నడుమ కూడా పగులుతాది. ఇద్దరికీ కలిపి నేనే నేర్పాల. కూచో."

అత్తా అన్న పిలుపు ముగ్గురూ విన్నారు. ఎవరూ దాన్ని సరిదిద్దలేదు. వనజాక్షి పీట లాక్కుని కూర్చుని పిండి ముద్ద అందుకుంది. మొదటి రొట్టె పెనం మీద పడేటప్పుడే రెండు ముక్కలైంది. కెంచమ్మ ఆ ముక్కలను అతికించి కాల్చి, "కడుపులోకి పోయినాక ఎట్లా ముక్కలే" అంది.

"అమ్మా, ఊరిబిండిలో ఉప్పు చాల్లేదు" అంది గంగరత్న.

"లేచి తెచ్చుకో. చేతుల్లేవా?"

గంగరత్న లేచి గోడ గూట్లోకి చేయి పెట్టింది. కెంచమ్మ రొట్టె తిప్పడం ఆపింది. లోపల చీకట్లో, ఉప్పు జాడీ మీద, చింత చిగురు పచ్చ.